931 ఆటల ఉద్యోగం

ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఉన్న గ్రిమ్స్‌బీ అనే రేవు పట్టణం పేరు హైదరాబాదులో చాలామంది మొదటిసారి విన్నది 2025 ఆగస్టు 27 రాత్రి. మన గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటాక మొదలైన లీగ్ కప్ రెండో రౌండు మ్యాచ్‌లో, ఇంగ్లిష్ లీగులో నాలుగో అంచెకు చెందిన గ్రిమ్స్‌బీ టౌన్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌ను ఓడించింది. స్కోరు 2-2 వద్ద ఆగిపోగా పెనాల్టీల్లో 12-11 తేడాతో గ్రిమ్స్‌బీ గెలిచింది. మన నగరంలో యునైటెడ్ అభిమానులకు కొదవ లేదు కాబట్టి, మర్నాడు మాదాపూర్‌లోని మా ఆఫీసులో కొందరు ముఖాలు వేలాడేసుకుని తిరిగారు. వారిని ఆటపట్టించడం కోసం మరికొందరు ఆ ఊరు పటంలో ఎక్కడుందో వెతికి పెట్టుకున్నారు. నాకు మాత్రం గ్రిమ్స్‌బీ అనగానే టోనీ ఫోర్డ్ గుర్తుకు వచ్చాడు. అతడి గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికి, ఏమీ కనిపించకపోవడంతో నేనే రాయడానికి కూర్చున్నాను.

ఇంగ్లండ్‌లో లీగు ఫుట్‌బాల్ 1888లో మొదలైంది. అప్పటి నుంచి గోల్‌కీపర్లను మినహాయించి లెక్కిస్తే అత్యధిక లీగు మ్యాచ్‌లు ఆడినవాడు టోనీ ఫోర్డ్. ఆ సంఖ్య 931. గోల్‌కీపర్లను కూడా కలుపుకుంటే అతడికన్నా ముందున్నవాడు పీటర్ షిల్టన్ ఒక్కడే. అతడివి 1,005 మ్యాచ్‌లు. షిల్టన్ ఇంగ్లండ్ జాతీయ జట్టుకు 125 సార్లు ఆడినవాడు, 1986 ప్రపంచ కప్‌లో మారడోనా చేత్తో గోల్ కొట్టినప్పుడు ఎదురుగా గాల్లోకి లేచినవాడు కాబట్టి అతడి పేరు మనకు తెలుసు. ఫోర్డ్ సంగతి వేరు. 1975 నుంచి 2001 వరకు 26 ఏళ్లపాటు ఆడిన అతడు దేశంలోని అత్యున్నత డివిజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1989లో ఇంగ్లండ్ బి జట్టుకు పిలుపు వచ్చింది, అసలు జట్టుకు ఎన్నడూ రాలేదు. తనకు తెలిసిన పనిని రెండో, మూడో, నాలుగో అంచెల్లో, ఊరి నుంచి ఊరికి మారుతూ చేసుకుపోయాడు.

ఆ లెక్కను విడదీసి చూస్తే ఒక జీవితం కనిపిస్తుంది. గ్రిమ్స్‌బీలో మొదటి దఫా 355, సండర్లాండ్‌లో లోను మీద (అంటే సొంత క్లబ్బు తాత్కాలికంగా అప్పు ఇస్తే) 9, స్టోక్ సిటీలో 112, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌లో 114, తిరిగి గ్రిమ్స్‌బీలో 68, బ్రాడ్‌ఫర్డ్ సిటీలో మళ్లీ లోను మీద 5, స్కన్‌థార్ప్‌లో 76, మాన్స్‌ఫీల్డ్‌లో 103, రోచ్‌డేల్‌లో 89. కింది డివిజన్లలో ఒక సీజన్‌కు 46 మ్యాచ్‌లు ఉంటాయి. ఆగస్టు నుంచి మే వరకు గాయం, జ్వరం, సస్పెన్షన్, మేనేజరుతో మనస్పర్థ అనేవి లేకుండా ప్రతి మ్యాచూ ఆడినా 931 చేరడానికి 20 ఏళ్లు దాటుతాయి. ఇవి లీగు మ్యాచ్‌లు మాత్రమే. కప్పుల పోటీలు దీనిలో లేవు, శీతకాలపు మంగళవారం రాత్రుల్లో ఆడిన రిజర్వు మ్యాచ్‌ల మాట సరేసరి.

ఫోర్డ్ 1959 మే 14న గ్రిమ్స్‌బీలోనే పుట్టాడు. 1975 అక్టోబరు 4న వాల్సాల్ జట్టుపై మొదటిసారి సొంత ఊరి చొక్కా వేసుకున్నప్పుడు అతడి వయసు 16 ఏళ్ల 143 రోజులు. అప్పటికి ఆ క్లబ్బు చరిత్రలో అంత చిన్నవాడు ఎవరూ ఆడలేదు. ఆ తర్వాతి నెలలోనే ఐస్‌లాండ్‌కూ బ్రిటన్‌కూ మధ్య మూడో కాడ్ యుద్ధం మొదలైంది. ఐస్‌లాండ్ తన తీరం నుంచి 200 మైళ్ల సముద్రాన్ని తనదిగా ప్రకటించి, కాడ్ చేపల కోసం వచ్చే బ్రిటిష్ ఓడల వలలను కోయించింది. 1976 జూన్‌లో బ్రిటన్ తలొగ్గింది. దూర సముద్రానికి వెళ్లి చేపలు తెచ్చే ఓడలమీద బతికే గ్రిమ్స్‌బీ ఆ దెబ్బతో క్షీణించడం మొదలుపెట్టింది. ఊళ్లో కుర్రాళ్లకు ఓడల మీద పని తగ్గిపోతున్న ఏళ్లలో, ఒక కుర్రాడికి మైదానం మీద పని దొరికింది.

ఇక్కడొక చిన్న విశేషం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. గ్రిమ్స్‌బీ టౌన్ మైదానమైన బ్లండెల్ పార్క్ గ్రిమ్స్‌బీలో లేదు, పక్కనే ఉన్న క్లీథార్ప్స్‌లో ఉంది. కాబట్టి ఆ జట్టు ప్రతి మ్యాచూ పరాయి ఊళ్లోనే ఆడుతుందని ప్రత్యర్థులు ఎగతాళి చేస్తారు. 1989లో అక్కడి అభిమానులు గాలి ఊదిన ప్లాస్టిక్ చేపలను పట్టుకుని మ్యాచ్‌లకు వెళ్లడం మొదలుపెట్టారు, ఆ అలవాటు నేటికీ పోలేదు. చేపల పరిశ్రమ పోయిన ఊరు చేపను పట్టుకుని పాటలు పాడడంలో నాకు వెటకారం కన్నా మొండితనమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఫోర్డ్ ప్రయాణాన్ని పటం మీద గీస్తే అది ఇంగ్లండ్ పరిశ్రమల పటంగా మారుతుంది. గ్రిమ్స్‌బీ చేపలది, స్టోక్ కుండలూ పింగాణీ పాత్రలది, స్కన్‌థార్ప్ ఉక్కుది, మాన్స్‌ఫీల్డ్ బొగ్గుగనులది, రోచ్‌డేల్ నూలు మిల్లులది. మధ్యలో కొద్దికాలం ఆడిన బారో ఓడల నిర్మాణానిది. డిగ్రీలో సహకారోద్యమం చదివినవారికి రోచ్‌డేల్ పేరు పరిచయమే. 1844లో అక్కడి నేతపనివారు పెట్టుకున్న సహకార దుకాణం గురించి మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఈ ఊళ్లన్నిటికీ ఒకప్పుడు వేల ఉద్యోగాలిచ్చిన పనులు ఫోర్డ్ ఆడిన పాతికేళ్లలోనే తగ్గిపోయాయి లేదా మూతపడ్డాయి. క్లబ్బులు మాత్రం మిగిలాయి. సనత్‌నగర్, బాలానగర్‌ల మీదుగా బస్సులో వెళుతూ ఆల్విన్, ఐడీపీఎల్ రోజులను తలుచుకునే పెద్దవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనవసరం లేదు. అయితే మన దగ్గర ఫ్యాక్టరీ పోయాక శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆ ఊరివారందరూ ఒకచోట కలుసుకునే సాకు మిగలలేదు.

మా చిన్నాయన దక్షిణ మధ్య రైల్వేకు ఆడారు. 1970లలో క్రీడల కోటాలో టికెట్ కలెక్టరుగా చేరి, లాలాగూడ రైల్వే మైదానంలో హాఫ్ బ్యాక్‌గా, అంటే డిఫెండర్లకు ముందు నిలిచేవాడిగా, సాధన చేసి, ఫతే మైదాన్‌లో స్థానిక లీగు మ్యాచ్‌లు ఆడి, మోకాలు చెడిపోయాక ఆట మానేసి, ఉద్యోగం పూర్తికాలం చేసి పదవీ విరమణ పొందారు. ఫోర్డ్ గురించి నేను చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకు ఎంతో నచ్చింది.

“ఇరవై ఆరేండ్లు ఆడిండా? మరి నౌకరి ఎప్పుడు జేసిండురా?”

“అదే ఆయన నౌకరి, చిన్నాయనా.”

“పింఛను ఉంటదా మరి? లేకుంటే ఏం నౌకరి అది!”

రెండు వ్యవస్థలకు మధ్య తేడా ఆ ప్రశ్నలోనే ఉంది. హైదరాబాదు ఫుట్‌బాల్‌కు ఒక స్వర్ణయుగం ఉండేది. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆయనే కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. అయితే ఆ జట్లలోని ఆటగాళ్లకు నెలజీతం ఇచ్చింది ఆట కాదు, పోలీసు శాఖ. మన దగ్గర ఫుట్‌బాల్ ఆటగాడు పోలీసో, రైల్వే ఉద్యోగో, బ్యాంకు గుమాస్తానో అయి ఉండేవాడు. ఉద్యోగం స్థిరం, ఆట దానికి తోడు. దానివల్ల ఇంటికి భద్రత వచ్చింది కానీ, మధ్యస్థాయి ఆటగాడు ముప్పై దాటగానే కుర్చీకి వెళ్లిపోయాడు, ఎందుకంటే కుర్చీ సిద్ధంగా ఉంది. ఇంగ్లండ్‌లో మధ్యస్థాయి ఆటగాడికి కుర్చీ లేదు. నాలుగు డివిజన్లలో కలిపి జీతమిచ్చే క్లబ్బులు 92 ఉన్నాయి. ఒక మెట్టు మీద చోటు పోతే కింది మెట్టు మీద వెతుక్కోవచ్చు. ఆట మానేస్తే మాత్రం ఇంకేమీ లేదు.

ఆ 92 క్లబ్బుల నిచ్చెన దయగలదని అనుకోకూడదు. కాంట్రాక్టులు ఏడాదికో రెండేళ్లకో ఉంటాయి, జూన్ 30న ముగుస్తాయి. సీజన్ అయిపోగానే, మే నెలలో, ప్రతి క్లబ్బూ ఎవరిని అట్టిపెట్టుకుంటున్నదో, ఎవరిని వదిలేస్తున్నదో తెలిపే జాబితా ప్రకటిస్తుంది. రెండో వరుసలో పేరుంటే వేసవి మొత్తం ఫోను కోసం ఎదురుచూడాలి. పైగా ఫోర్డ్ చేరిన కాలంలో కాంట్రాక్టు ముగిసినంత మాత్రాన ఆటగాడు స్వతంత్రుడు కాడు. వారానికి 20 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదన్న నిబంధన 1961లో పోయింది. ఆటగాడిని అతడి ఇష్టానికి విరుద్ధంగా క్లబ్బు పట్టి ఉంచే పద్ధతిని 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాడి కేసు బలహీనపరిచింది. కాంట్రాక్టు ముగిశాక వేరే క్లబ్బుకు మారే హక్కు 1978లో వచ్చింది కానీ కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు రుసుము కట్టవలసిందే. 1995 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం బోస్మన్ అనే బెల్జియం ఆటగాడి కేసులో తీర్పు ఇచ్చాక ఆ రుసుము కూడా క్రమంగా పోయింది. ఫోర్డ్ 16 ఏళ్ల వయసులో చేరినప్పుడు ఉన్న చట్టం ఒకటి, 36 ఏళ్లు దాటాక ఉన్న చట్టం ఇంకొకటి. హక్కులు చేతికి వచ్చేసరికి మార్కెట్లో అతడికి వయసు మీరిపోయింది.

బోస్మన్ తీర్పు ఆటగాళ్లకు మేలు చేసిందని అందరూ అంటారు. పై అంచెల వారికి నిజంగానే చేసింది. కింది అంచెల చిన్న క్లబ్బులు మాత్రం కుర్రాళ్లను పెంచి పెద్ద క్లబ్బులకు అమ్ముకుని బతికేవి, ఆ రాబడితోనే ముప్పై దాటిన మిడ్‌ఫీల్డరుకు మరో ఏడాది కాంట్రాక్టు ఇవ్వగలిగేవి. ఆ రాబడి పలచబడితే ముందు పోయేది ఆ మరో ఏడాదే.

ఫోర్డ్ మొదట కుడివైపు వింగర్. వేగంగా పరిగెత్తి బంతిని గోల్ ముందుకు అందించడం, వీలైతే తానే లోపలికి దూసుకుపోవడం అతడి పని. కాలం గడిచేకొద్దీ అతడు వెనక్కి జరిగాడు: వింగర్ నుంచి కుడి మిడ్‌ఫీల్డరుగా, అక్కడి నుంచి రైట్ బ్యాక్‌గా, అంటే కుడివైపు డిఫెండరుగా. నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లుగా నిలబడే నాటి ఇంగ్లిష్ పద్ధతిలో కుడి మిడ్‌ఫీల్డరు గీత పొడవునా కిందికీ పైకీ తిరుగుతూనే ఉండాలి. బంతి తన జట్టు చేతిలో ఉంటే వింగర్ కావాలి, పోగానే రెండో రైట్ బ్యాక్ కావాలి. టీవీలో మనకు కనిపించేది అందులో పదో వంతు. కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి మిగతా పరుగు ఎవరికీ కనిపించదు. వయసు మీరాక వింగర్‌కు వేగం పోతుంది, చూపు పోదు. ముందున్న వింగర్ ఏం చేయబోతున్నాడో ఒకప్పుడు తానే అది చేసినవాడికి బాగా తెలుస్తుంది. ఫోర్డ్ నలభై దాటాక కూడా రైట్ బ్యాక్‌గా నిలదొక్కుకోవడానికి ఇదే కారణమని నేను నమ్ముతాను. శరీరం ఇచ్చిన సాయమూ తక్కువేమీ కాదు.

ఆ పాతికేళ్లలో ఆటే మారిపోయింది. ఫోర్డ్ తొలి మ్యాచ్ ఆడినప్పుడు ఇంగ్లిష్ లీగులో పసుపు, ఎరుపు కార్డులు లేవు. అవి దాదాపు ఏడాది తర్వాత, 1976 అక్టోబరు 2న వచ్చాయి. గెలిచిన జట్టుకు రెండు పాయింట్లే ఇచ్చేవారు, మూడు పాయింట్ల పద్ధతి 1981లో మొదలైంది. జట్టుకు ఒక్క సబ్‌స్టిట్యూటే ఉండేవాడు. అదే 1981లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ తన మైదానంలో ప్లాస్టిక్ గడ్డి పరిచింది, మరి మూడు క్లబ్బులు ఆ దారి పట్టాయి. జారిపడితే చర్మం ఊడివచ్చే ఆ మైదానాలను ఆటగాళ్లు తిట్టని రోజు లేదు, 1990లలో అవి మాయమయ్యాయి. సహచరుడు కాలితో వెనక్కి తన్నిన బంతిని గోల్‌కీపరు చేత్తో పట్టకూడదన్న నియమం 1992లో వచ్చింది. అదే ఏడాది ప్రీమియర్ లీగ్ పుట్టి టీవీ డబ్బును పైకి లాక్కుపోయింది. రెండో డివిజన్ ఒకటో డివిజన్‌గా, మూడోది రెండోదిగా పేర్లు మార్చుకున్నాయి. ఆ విధంగా ఒకటో డివిజన్‌లో ఆడిన ఘనత ఫోర్డ్‌కు కాగితం మీద దక్కింది.

జట్ల విజయాల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1979-80లో గ్రిమ్స్‌బీ మూడో డివిజన్ విజేతగా నిలిచి రెండో డివిజన్‌కు వెళ్లింది, 1982లో గ్రూప్ కప్ అనే చిన్న పోటీ గెలిచింది. ఫోర్డ్ వెస్ట్ బ్రామ్‌లో (వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌లో) ఉన్న కాలంలో, 1991లో, ఆ క్లబ్బు చరిత్రలో మొదటిసారి మూడో డివిజన్‌కు జారింది.

ఇలాంటి ఆటగాళ్ల కథల్లో అదృష్టం ఏ వేపు తిరుగుతుందో చెప్పలేం. గారెత్ ఐన్స్‌వర్త్‌ను చూడండి. బ్లాక్‌బర్న్‌లో పుట్టిన ఈ కుడివైపు మిడ్‌ఫీల్డరు కూడా ప్రెస్టన్, కేంబ్రిడ్జ్, లింకన్ అంటూ కింది డివిజన్లలోనే మొదలుపెట్టాడు. అక్కడ అతడి మేనేజరు జాన్ బెక్, బంతిని మిడ్‌ఫీల్డు మీదుగా గాల్లో పంపడమే పద్ధతిగా పెట్టుకున్నవాడు. 1997లో పోర్ట్ వేల్ 5 లక్షల పౌండ్లు పెట్టి ఐన్స్‌వర్త్‌ను కొన్నది, 1998లో ప్రీమియర్ లీగ్ జట్టైన వింబుల్డన్ 20 లక్షల పౌండ్లు పెట్టింది. ఫోర్డ్ ఎన్నడూ చేరని మెట్టు అది. చేరగానే గాయాలు చుట్టుముట్టి, ఐదేళ్లలో ఆడింది కొద్ది మ్యాచ్‌లే. తిరిగి కిందికి వచ్చి, క్వీన్స్ పార్క్ రేంజర్స్‌లోనూ వికోంబ్‌లోనూ నలభై సమీపించేదాకా ఆడి, ఆ వికోంబ్‌కే మేనేజరై 2020లో దాన్ని చరిత్రలో తొలిసారి రెండో అంచెకు చేర్చాడు. ఇద్దరిలో ఎవరిది మంచి కెరీర్ అని అడిగితే, నేను ఫోర్డ్ వైపే మొగ్గుతాను. పై మెట్టు మీద ఆస్పత్రి మంచంలో గడిపే శనివారం కన్నా కింది మెట్టు మీద మైదానంలో గడిపే శనివారం మేలు. ఐన్స్‌వర్త్ ఒప్పుకోకపోవచ్చు.

ఫోర్డ్ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది 1996. స్కన్‌థార్ప్ వదిలిన తర్వాత అతడికి లీగులో చోటు దొరకలేదు. ఉత్తర పశ్చిమ తీరాన విసిరేసినట్టుండే బారో అనే ఊరికి, లీగు వెలుపలి క్లబ్బుకు వెళ్లాడు. అప్పటికి అతడి వయసు 37, లీగు మ్యాచ్‌లు 739. అక్కడితో ఆగిపోయి ఉంటే అతడి పేరు రికార్డుల పుస్తకంలో ఒక గౌరవనీయమైన వరుసలో ఉండేది, అంతే. అయితే అదే ఏడాది స్టీవ్ పార్కిన్ అనే ముప్పై ఏళ్ల వ్యక్తి మాన్స్‌ఫీల్డ్ మేనేజరయ్యాడు. పార్కిన్ స్టోక్‌లోనూ, ఆ తర్వాత వెస్ట్ బ్రామ్‌లోనూ ఫోర్డ్‌తో కలిసి ఆడినవాడు, వయసులో అతడికన్నా ఆరేళ్లు చిన్న. తనకు నమ్మకమైన మనిషి ఒకడు పక్కన ఉండాలని పార్కిన్ అనుకున్నాడు, ఫోర్డ్‌ను పిలిపించాడు. ఆడుతూనే శిక్షకుడి బాధ్యత కూడా చూసుకునే ఏర్పాటు అది. ఒకప్పటి సహచరుడు, అందులోనూ చిన్నవాడు, ఇప్పుడు జట్టు ఎంపిక చేస్తాడు; ఇరవై ఏళ్ల సీనియారిటీ ఉన్నవాడు అతడి మాట వినాలి. మన ఆఫీసుల్లో ఇటువంటి అమరిక ఎన్నాళ్లు నిలుస్తుందో మనకు తెలుసు. వీరిద్దరి మధ్య అది ఏళ్ల తరబడి నిలిచింది.

మాన్స్‌ఫీల్డ్‌లో ఉండగానే ఫోర్డ్ 824 మ్యాచ్‌ల రికార్డును దాటాడు. ఆ రికార్డు సౌతాంప్టన్, హియర్‌ఫర్డ్ జట్లకు ఆడిన టెర్రీ పెయిన్‌ది. పెయిన్ 1966 ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ బృందంలో సభ్యుడు. 1999లో పార్కిన్ రోచ్‌డేల్‌కు మారితే ఫోర్డ్ కూడా వెంట వెళ్లాడు. రోచ్‌డేల్ 1974లో నాలుగో అంచెకు పడి 2010 వరకు అక్కడి నుంచి కదలని క్లబ్బు. అక్కడ ఫోర్డ్ 89 లీగు మ్యాచ్‌లు ఆడాడు, అన్నీ 40 ఏళ్లు నిండిన తర్వాతే. ఈ ఒక్క వాక్యాన్ని చిన్నాయన నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. ఫుట్‌బాల్‌కు చేసిన సేవకు గుర్తింపుగా ఫోర్డ్‌కు ఎంబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ పురస్కారం కూడా దక్కింది.

ఈ తరహా ఆటగాళ్లు మన నగరానికి పూర్తిగా పరాయివారు కూడా కారు. 2019లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు దాని తొలి కోచ్‌గా వచ్చిన ఫిల్ బ్రౌన్, 1959 మే నెలలోనే, ఫోర్డ్ పుట్టిన 16 రోజులకు, సౌత్ షీల్డ్స్‌లో పుట్టాడు. ఆటగాడిగా అతడు రైట్ బ్యాక్. హార్టిల్‌పూల్, హాలిఫాక్స్, బోల్టన్, బ్లాక్‌పూల్ జట్లకు కింది డివిజన్లలో వందల మ్యాచ్‌లు ఆడాడు. గ్రిమ్స్‌బీకి హంబర్ నదీముఖానికి అవతల ఉన్న హల్ సిటీని 2008లో తొలిసారి అత్యున్నత డివిజన్‌కు చేర్చిన మేనేజరు కూడా అతడే. గచ్చిబౌలి స్టేడియంలో ఆ సీజన్ మ్యాచ్‌లకు నేను వెళ్లాను. డర్బీ కౌంటీలో పదిహేడేళ్ల వయసులో మెరిసి, గాయాలపాలై, డాంకాస్టర్ మొదలుకొని అమెరికా, మెక్సికో క్లబ్బుల దాకా తిరిగి వచ్చిన మిడ్‌ఫీల్డరు గైల్స్ బార్న్స్ అప్పుడు మన జట్టులో ఉన్నాడు. ఫలితాలు ఘోరం; పది జట్లలో పదో స్థానం, సీజన్ ముగియకముందే బ్రౌన్‌ను తొలగించారు. స్టాండులో నా పక్కన కూర్చున్నవారు ఈ విదేశీయులను “అక్కడ చెల్లనివాళ్లు” అని తీసిపారేశారు. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అక్కడ చెల్లకపోతే హార్టిల్‌పూల్ నుంచి బ్లాక్‌పూల్ దాకా పద్దెనిమిదేళ్లు ఎవరూ జీతం ఇవ్వరు.

నాకు అసూయ కలిగించేది జీతం కూడా కాదు, లెక్క. ఫోర్డ్ సండర్లాండ్‌లో ఆడిన 9, బ్రాడ్‌ఫర్డ్‌లో ఆడిన 5 మ్యాచ్‌లు కూడా ఎవరో రాసిపెట్టారు కాబట్టి ఆ మొత్తం 931 అయింది. ఆ పద్నాలుగు పోయి ఉంటే అది ఇంకో సంఖ్య. ఇంగ్లండ్‌లో నాలుగో డివిజన్ మ్యాచ్‌కు సైతం ఎవరు ఆడారు, ఎవరు సబ్‌స్టిట్యూట్‌గా వచ్చారు, ఎంతమంది ప్రేక్షకులు వచ్చారు అనే వివరాలు మర్నాటి పత్రికలో ఉండేవి, వాటినుంచి అభిమానులు పుస్తకాలు తయారు చేసుకున్నారు. 1952, 1956 ఒలింపిక్స్ ఆడిన మన హాఫ్ బ్యాక్ నూర్ మహమ్మద్ సిటీ పోలీస్‌కు స్థానిక లీగులో ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో అటువంటి పట్టిక ఏదీ చెప్పదు. ఒలింపియన్ పరిస్థితే అదైతే రైల్వే హాఫ్ బ్యాక్ సంగతి అడగనక్కరలేదు. చిన్నాయనను ఎన్ని ఆడారని అడిగితే, “మస్తు ఆడినం” అన్నారు.

2001 నవంబరులో పార్కిన్‌కు బార్న్స్‌లీ నుంచి పిలుపు వచ్చింది. ఫోర్డ్ అతడి సహాయకుడిగా వెళ్లాడు, ఆటగాడిగా కెరీర్ అక్కడ ఆగింది, వయసు 42. కాలు విరగలేదు, వీడ్కోలు మ్యాచ్ కోసం ఎవరూ తేదీ పెట్టలేదు, పై అధికారి బదిలీ అయితే వెంట వెళ్లవలసి వచ్చింది. కొద్ది నెలలకే, 2002 మార్చిలో, కింది డివిజన్ల మ్యాచ్‌ల ప్రసార హక్కులు 31.5 కోట్ల పౌండ్లకు కొన్న ఐటీవీ డిజిటల్ సంస్థ కుప్పకూలింది. ఇంకా చెల్లించవలసిన 17.85 కోట్ల పౌండ్లు క్లబ్బులకు రాకుండా పోయాయి. ఆ డబ్బును నమ్ముకుని కాంట్రాక్టులు రాసిన క్లబ్బులు ఆ వేసవిలో వదిలేసిన ఆటగాళ్ల సంఖ్య వందల్లో ఉంది. మరో ఏడాది దొరుకుతుందని ఆశపెట్టుకున్న ముప్పై ఐదేళ్ల మిడ్‌ఫీల్డర్లకు ఎప్పుడూ తెరుచుకునే తలుపులు అప్పుడు తెరుచుకోలేదు. బార్న్స్‌లీ కూడా 2002లోనే కింది డివిజన్‌కు జారి, అక్టోబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, పార్కిన్ ఉద్యోగం పోయింది. ఏడాది దాటాక, 2003 చివర్లో, రోచ్‌డేల్ వారిద్దరినీ మళ్లీ పనిలోకి తీసుకుంది. ఒకరు మేనేజరు, ఒకరు సహాయకుడు. జట్టు అప్పటికీ నాలుగో అంచెలోనే ఉంది.